జీడిపండు గ్లాసులో చేదు

తేదీ 28-04-2025, సోమవారం, సాయంత్రం 4 గంటల 35 నిమిషాలు. నర్సీపట్నం పోలీసు స్టేషన్‌లో ఎస్.ఐ. లక్ష్మీసాహితి గారి ఎదుట చెప్పినది. రాసినవారు హెడ్ కానిస్టేబుల్ దక్షిణామూర్తి గారు.

నా పేరు రుత్తల సింగన్న. మా నాన్న లచ్చన్న, కాలం చేశాడు. నా వయసు ఆధార్ కార్డులో డెబ్భై మూడు, నా లెక్కకి డెబ్భై ఐదు. ఉండేది పెదబొడ్డేపల్లిలో, నా కొడుకు అప్పలరాజు దగ్గర. ఇల్లు నేను కట్టినదే. నా పని బెల్లం వండడం. మాకవరపాలెం నుంచి గొలుగొండ దాకా నలభై ఒక్క సీజన్లు వండాను, మోకాళ్లు పోయాక మానేశాను. చుట్టుపక్కల నన్ను నాలిక సింగన్న అంటారు. చెరుకురసం ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని అది ఏ నేలలో పెరిగిందో చెప్పేవాణ్ణి. గొప్పకి చెప్పడం లేదు. కేసుకి దీనితో పని ఉంది.

నేను రెండో తరగతి దాకా చదివాను. అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. సంతకం చేయగలను. ప్రతి పేజీ చదివి వినిపిస్తేనే చెబుతానని ముందే అన్నాను. హెడ్డు గారు ఒప్పుకున్నారు. మొదటి పేజీలో నేను కోడలు అన్నచోట నిందితురాలు అని రాశారు. కొట్టేయించాను.

ఈ రోజు మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకి నేను ఇదే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. నా కోడలు సాయిలక్ష్మి, ఆమె తమ్ముడు ధర్మతేజ కలిసి నాకు మందు పెట్టారని, జీడిపండు రసంలో పురుగుమందు కలిపి తాగించారని చెప్పాను. ఒంటిగంటకి ధర్మతేజని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు చెప్పేది ఆ ఫిర్యాదు గురించే.

నా అనుమానం ఈ రోజుది కాదు. రెండు నెలల కిందట, శివరాత్రి వెళ్లిన వారం, కోడలు ఇచ్చిన టీ చేదుగా ఉంది. మర్నాడు కూడా చేదుగా ఉంది. కూర చేదు, మజ్జిగ చేదు. అప్పటినుంచి ఆమె ఇచ్చిన టీ ఆమె చూడకుండా పెరట్లో కరివేపాకు మొక్కకి పోస్తున్నాను. బజారులో నా చేత్తో అరటిపండు కొని నా చేత్తో వొలుచుకుని తిన్నాను. అదీ చేదుగానే ఉంది. సూదితో ఎక్కించారు అనుకున్నాను. అబీద్ సెంటర్లో కొబ్బరిబోండాం తాగాను. అదీ చేదే. ఆ బోండాలవాడిది మా కోడలు పుట్టిన ఊరే. ఇద్దరూ మాట్లాడుకున్నారు అనుకున్నాను.

ధర్మతేజ వయసు ఇరవై ఆరు. విశాఖపట్నంలో ఒక హోటల్లో, బార్ కౌంటరు దగ్గర పని. పండ్ల రసంలో మందు కలిపి రంగురంగులుగా గ్లాసుల్లో పోసి ఇస్తాడు. కాక్‌టెయిల్ అంటారట. మన ప్రాంతం పండుతో కొత్తది ఒకటి తయారుచేసి రేపు ఉదయం పది గంటలకి మేనేజరుకి రుచి చూపించాలి. నచ్చితే ఉద్యోగం పర్మినెంటు. లేకపోతే ఈ నెలాఖరుకి పొమ్మంటారు. అతను జీడిపండు ఎంచుకున్నాడు. తోటల్లో గింజ తీసుకుని పండు పారేస్తాం, ఆ పండు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి సంచులతో దిగాడు.

అప్పటినుంచి మా వంటింట్లో ఇదే పని. పండ్లు పిండడం. నిమ్మకాయ, ఉప్పు, పంచదార పాకం, ఐసు. మూతున్న స్టీలు గ్లాసులో పోసి చెవి పక్కన పెట్టుకుని గిలక్కొట్టడం. చెంచాతో రుచి చూడడం, పుస్తకంలో రాసుకోవడం, పారబోసి మళ్లీ మొదలుపెట్టడం. ఒకసారి పంచదార తగ్గిస్తాడు, ఒకసారి నిమ్మకాయ పెంచుతాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ రుచి చూసి ఉమ్మేస్తారు. మింగరు. మంచిదైతే ఎందుకు ఉమ్ముతారు? ఒక చిన్న గోధుమరంగు సీసా కూడా ఉంది. మూతకి రబ్బరు తిత్తి. నొక్కితే చుక్కలు పడతాయి. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు.

ఆదివారం పొద్దున పంచదార బదులు బెల్లం వేద్దామని అచ్చు ఒకటి తెచ్చి నాకు చూపించాడు. “ఉప్పు నేల బెల్లంరా ఇది. వేస్తే నాలిక సివర ఉప్పగా తగుల్తాది. ఒద్దు” అన్నాను. అతను చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. “నిజమే మావయ్యా. సివర్న తగుల్తంది” అన్నాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఈ రోజు ఉదయం 10 గంటల 20 నిమిషాలకి నేను వీధి గదిలో మంచం మీద పడుకుని ఉన్నాను. నిద్రపోవడం లేదు. వంటింటి కిటికీ ఆ గదిలోకే ఉంటుంది. ధర్మతేజ గొంతు వినిపించింది. “మావయ్యకి మందు” అన్నాడు. మిక్సీ తిరిగింది. “తెలిస్తే ముట్టడు గాక ముట్టడు” అన్నాడు. మళ్లీ మిక్సీ. “నా సేత్తో ఇస్తే తాగడురా, నువ్వియ్యి” అని కోడలు అంది. “రెండు సుక్కలు సాలు” అని అతను అన్నాడు. నేను విన్నది ఇంతే.

10 గంటల 40 నిమిషాలకి గ్లాసు తెచ్చాడు. పసుపు రంగు రసం. గ్లాసు అంచు చుట్టూ తెల్లగా ఏదో పూసి ఉంది.

“ఏట్రా ఈ తెల్లటిది?”

“ఉప్పు మావయ్యా.”

“కంచానికేస్తారు గానీ గ్లాసుకేస్తారేటి ఉప్పు?”

“అలాగే ఇస్తారు మావయ్యా మా దగ్గర. ఓ గుక్క తాగి సెప్పు. మొహమాటం ఒద్దు, నీ నాలికే నాకు పరీచ్చ.”

ఒక గుక్క తాగాను. చేదు. కాకరకాయ చేదు కాదు, వేపాకు చేదు కాదు. ఇత్తడి బిళ్ల నాలిక కింద పెట్టుకున్నట్టుంది.

“నువ్వు తాగు ముందు” అన్నాను.

అతను సగం గ్లాసు తాగేశాడు. “గొంతు పట్టీస్తంది కదా? ఆ వగరే పోవట్లేదు. మూడ్రోజులై సస్తన్నాను దీంతో” అన్నాడు.

సగం గ్లాసు తాగినవాణ్ణి కూడా నేను నమ్మలేదు. విరుగుడు ముందే మింగి ఉంటాడు అనుకున్నాను. వాళ్లిద్దరూ పెరట్లో కుళాయి దగ్గర పండ్లు కడుగుతుంటే వంటింట్లోకి వెళ్లి ఆ పుస్తకం తెరిచాను. అంతా ఇంగ్లీషు. ఒక్కచోట తెలుగు ఉంది. కూడబలుక్కుని చదివాను. మావయ్యకి, మందు. దాని పక్కన గ్లాసు పెట్టిన తడి గుండ్రంగా అంటుకుని సిరా అలికిపోయింది. నాకు ఆ రెండు మాటలు చాలు అనిపించింది. మిగిలిన రసం నీళ్ల సీసాలో పోసుకున్నాను. చుక్కల సీసా, పుస్తకం పంచె మడతలో పెట్టుకున్నాను. ఆటో ఎక్కి ఇక్కడికి వచ్చాను.

ఇక్కడ ఎస్.ఐ. గారు అడిగారు, “ఏ మందు కలిపారు తాతా?”

“పురుగుమందమ్మా. ఏ కంపెనీదో కూడా సెప్పగల్ను.”

“పురుగుమందు రుచి నీకెలా తెలుసు?”

నాకు కోపం వచ్చింది. “నాలిక సింగన్నని నాను. కనుక్కోండి ఊర్లో” అన్నాను. ఆ మాట తప్పు. పురుగుమందు రుచి నాకు తెలియదు. కంపెనీ అంతకన్నా తెలియదు. అప్పుడు అలా చెప్పాను. ఇప్పుడు ఇలా చెబుతున్నాను. రెండూ రాయండి.

ధర్మతేజ వచ్చాక చుక్కల సీసా చూపించి ఏమిటని అడిగారు. నారింజ తొక్కలూ ఏవో వేర్లూ మందులో నానబెట్టి తీసినదట. అరచేతిలో పది చుక్కలు పోసుకుని అందరి ముందూ నాకేశాడు. మొహం వికారంగా పెట్టాడు. “సేదే మేడమ్ ఇది. సేదుకోసమే వేస్తాం. రెండు సుక్కలు సాలన్నది నా గ్లాసుకి. మావయ్య గ్లాసులో ఇది వెయ్యలేదు. మందూ వెయ్యలేదు. మందుందని తెలిస్తే ముట్టడు గాక ముట్టడు, ఆయనకి వేరే కలుపుతానని అక్కతో అన్నాను” అన్నాడు.

ఎస్.ఐ. గారు పుస్తకాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చదివారు. “మావయ్యకి మందు లేకుండా.” మూడో మాట తడిలో ఉంది. నన్నూ చూడమన్నారు. కూడబలుక్కున్నాను. లే, కుం, డా. ఉంది.

అయినా నేను ఒప్పుకోలేదు. “రాత ఎవడైనా రాస్తాడు. నాలిక అబద్దం ఆడదు. సేదంటే సేదే” అన్నాను.

అప్పుడు ఎస్.ఐ. గారు కుర్చీ నా దగ్గరికి జరుపుకుని చెప్పారు. “తాతా, ఇందులో సాక్ష్యం నీ నాలిక ఒక్కటే. నువ్వు అదే మాట మీద ఉంటే సీసాలు ల్యాబ్‌కి పంపుతాను. రిపోర్టు వచ్చేదాకా ఈ అబ్బాయి ఊరు దాటడానికి లేదు. రేపటి ఉద్యోగం సంగతి అంతే. ఆలోచించుకుని చెప్పు.”

ఆలోచించేది లేదు అన్నాను. అప్పుడు టైము రెండుంబావు. మా కోడలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నా మాత్రల డబ్బా తెచ్చింది, మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకోలేదని. నేను తీసుకోలేదు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

3 గంటల 20 నిమిషాలకి కానిస్టేబుల్ చిట్టిరాజు గారు బలిఘట్టం గుడి నుంచి ప్రసాదం తెచ్చారు. సోమవారం కదా. బెల్లం పరమాన్నం. ఒకటే గిన్నె. ఒకటే గరిటె. ముందు ఎస్.ఐ. గారికి ఆకులో పెట్టారు, తరువాత హెడ్డు గారికి, తరువాత బెంచీ మీద ధర్మతేజకి, గుమ్మంలో ఉన్న మా కోడలికి, చివర నాకు. అందరూ తింటుండగా చూశాను. నాకు పెట్టింది కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాను.

చేదు.

అదే చేదు. ఇత్తడి బిళ్ల చేదు.

ఇంకొంచెం పెట్టమన్నాను. చిట్టిరాజు గారు పెట్టారు. అదీ చేదే. ఆ గుడి పూజారికీ మా కోడలికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ గిన్నె మా ఇంటి గడప తొక్కలేదు. హెడ్డు గారు ఆకు నాకుతున్నారు.

బెంచీ మీద ధర్మతేజ రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. తనని తీసుకొచ్చి కూర్చోబెట్టిన సంగతి మరిచిపోయినట్టున్నాడు. “మావయ్యా, ఉప్పు నేల బెల్లమే కదా ఇది? సివర్న తగుల్తంది సూడు” అన్నాడు.

హెడ్డు గారు నా వైపు తిరిగి, “ఔనా తాతా?” అన్నారు. అందరూ నన్నే చూశారు.

ఔను అన్నాను.

ఆ ఔను అబద్ధం. నాకు ఏమీ తగల్లేదు. తీపి తగల్లేదు, ఉప్పు తగల్లేదు. ఆదివారం నేను అచ్చు రుచి చూడలేదు. దాని ఒంటి మీద చెమ్మ చూసి చెప్పాను. ఉప్పు నేల బెల్లానికి చెమ్మ పడుతుంది. అది కంటికి తెలిసేది. నేను నాలికతో చెప్పానని ఆ అబ్బాయి అనుకున్నాడు. అనుకోనిచ్చాను. రుచి పట్టింది అతని నాలిక.

రెండు నెలలుగా నా నాలిక పని చేయడం లేదు. మాత్రల వల్లో, వయసు వల్లో నాకు తెలియదు. ఈ మాట నా కొడుకుకి కూడా చెప్పలేదు. నాకే చెప్పుకోలేదు. కరివేపాకు మొక్క రెండు నెలలుగా ఆ టీ తాగుతోంది. నడుం ఎత్తు పెరిగింది. రోజూ చూస్తూనే ఉన్నాను.

కాబట్టి ఎస్.ఐ. గారికి మనవి చేసేది ఏమిటంటే, గ్లాసులో చేదు లేదు. చేదు నాది. ధర్మతేజ నాకు ఏ మందూ పెట్టలేదు. నా కోడలు సాయిలక్ష్మి నాకు ఏ మందూ పెట్టలేదు. అరటిపండు, బోండాం అమ్మినవాళ్లు కూడా పెట్టలేదు. మధ్యాహ్నం ఇచ్చిన ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటున్నాను. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు నా మీద కేసు ఉంటే పెట్టుకోవచ్చు. అతన్ని రేపు పొద్దున మొదటి బస్సుకి పంపాలి. పుస్తకం, సీసా అతనికి ఇప్పించాలి.

ఇంకొక్క మాట. ఇది కేసులో రాయకూడదని హెడ్డు గారు అంటున్నారు. రాయాల్సిందే అన్నాను. రాస్తేగానీ సంతకం పెట్టను. జీడిపండు రసంలో గొంతు పట్టే వగరు నిమ్మకాయతో పోదు, పంచదారతో పోదు. చల్లారిన అన్నం గంజి పల్చగా పొయ్యాలి. లీటరు రసానికి అరగ్లాసు గంజి. కదపకుండా వదిలేస్తే వగరంతా మడ్డిగా అడుక్కి దిగుతుంది. పైన తేట వంచుకుని గుడ్డలో వడగట్టాలి. మా అమ్మ ఇలాగే చేసేది. రసం ఎప్పుడు తేటపడిందో చూడడానికి నాలిక అక్కర్లేదు. కన్ను చాలు. ఈ సాయంత్రం నేను దగ్గర కూర్చుని చూస్తాను. రుచి అతను చూసుకుంటాడు.

పైన ఉన్నదంతా నేను నా ఇష్టం కొద్దీ, ఎవరూ బెదిరించకుండా చెప్పాను. దక్షిణామూర్తి గారు రాసి, రెండుసార్లు చదివి వినిపించారు. రెండోసారి ఎస్.ఐ. గారు కూడా చదివారు, ఇద్దరిదీ ఒకేలా ఉంది. నేను చెప్పింది ఇదే, నాకు తెలిసి ఇది నిజం. చివరి వాక్యం కింద గీత నేనే గీశాను. ఆ గీత కింద ఎవరు ఏమి రాసినా అది నాది కాదు.

వేలిముద్ర వద్దన్నాను.

(సంతకం) రు. సింగన్న