పీపా సంగతులు బయటపెట్టొచ్చా, వదినా?

ల్యాబు వెనక, కుళాయి కింద తొట్టి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. పెద్దావిడ ల్యాబుకి అధిపతి. చిన్నావిడ ఆమె తమ్ముడి భార్య, ఆమె దగ్గరే పరిశోధన చేస్తోంది. సముద్రంలో తేలుతూ అడుగునీళ్ళలోని ప్రాణవాయువుని కొలిచే యంత్రాన్ని ఒడ్డుకి తెచ్చి, దానికి పట్టిన గుల్లలు గీకుతున్నారు. దాన్ని వాళ్ళు పీపా అంటారు.

“గట్టిగా పట్టుకో. జారిందంటే ఆ గాజుకన్ను పగులుతుంది.”

“పట్టుకున్నాను వదినా. మరి నేనడిగిందానికి—”

“ఏమడిగావ్?”

“ఇందాకట్నించీ అదేగా అడుగుతున్నా. రేపు ట్రైనింగు ఆఖరిరోజు అని.”

“అయితే మంచి చీర కట్టుకో. ఫొటోలు తీస్తారు.”

“వదినా!”

“ఏం, తీయరా?”

“అందరూ ఎవరి డేటా వాళ్ళు బయటపెట్టేశారు. ఎవరైనా చూసుకోవచ్చు, దించుకోవచ్చు. ఇసకమేటలు కొలిచే ఆయన పెట్టాడు, నాచు మీద పనిచేసే అమ్మాయి పెట్టింది. నేనొక్కదాన్నే మిగిలాను. మాకు ట్రైనింగిచ్చే గొడుగు మాస్టారు పొద్దున అందరిముందూ అడిగారు, మీ సముద్రం ఎక్కడమ్మా అని.”

“హాల్లో కూడా ఆ గొడుగు వదలడా ఆయన?”

“దాంతోనే తెరమీద చూపిస్తారు. మీరు మాట మార్చకండి.”

“మార్చలేదు. ఆ మూలన గుల్ల చూడు, వేలెడంత ఉంది. గీకు.”

“గీకుతున్నా. మన పీపా డేటా పెట్టమంటారా, వద్దంటారా?”

“నిన్ను ట్రైనింగుకి పంపేటప్పుడు ఏం చెప్పాను?”

“అక్కడేం చేస్తున్నావో నాకు చెప్పకు అన్నారు.”

“మరి?”

“మీకు విసుగనుకున్నాను. ఇంత పెద్దవిషయం చెప్పకుండా ఎలా ఉంటాను? పీపా మీది, ల్యాబు మీది.”

“నీళ్ళు పొయ్యి.”

“పోస్తున్నా.”

“మీ ఆయన దగ్గు తగ్గిందా?”

“మీ తమ్ముడేగా. పొద్దున కషాయం మీరే పట్టించారు.”

“అవును కదూ.”

“వదినా, ఒక్కమాట. ల్యాబులో ఎవరికైనా తలనొప్పొస్తే ఇంటికెళ్ళి చెప్పుకుంటారు. ఇంట్లో గొడవైతే ల్యాబుకొచ్చి చెప్పుకుంటారు. నేనెక్కడికెళ్ళను? ఇక్కడ తలుపు తీసేదీ మీరే, అక్కడ తీసేదీ మీరే.”

“ఇప్పుడు నేనేమన్నాననీ?”

“ఏమీ అనట్లేదు. అదే బాధ.”

“పీపాని ఇటు తిప్పు.”

“నిన్న ట్రైనింగుకి ఒకావిడ వచ్చింది. సముద్రంలో పంజరాలు కట్టి చేపలు పెంచుతుందిట. డేటా ఎవరికి పనికొస్తుందో వాళ్ళనోటే వినండని మాస్టారు పిలిపించారు.”

“ఏమందిట?”

“తెల్లారి పడవలో వెళ్ళేసరికి పంజరంలో చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయిట. మేత చెడిపోయిందని మేత అమ్మినవాడితో జుట్లు పట్టుకున్నారుట. తర్వాతెవరో చెప్పారుట, మేత కాదు, అడుగునీళ్ళలో ఊపిరి పోయిందని. ‘ఇది ముందుగా ఎవరికైనా తెలుస్తుందా అమ్మా? తెలిస్తే పంజరాలు అవతలికి లాక్కుంటాం కదా’ అని మా అందరి మొహాలూ చూసింది.”

“ఎటువైపు ఆవిడ?”

“మన పీపా ఉన్నవైపే.”

“…ఆ బ్రష్షు ఇలా ఇవ్వు.”

“ఇదిగో. నేను తల దించేసుకున్నాను వదినా. ఆ చేపలు చావడానికి ముందే ప్రాణవాయువు ఎలా పడిపోతూ వచ్చిందో నా కంప్యూటర్లో గీతతో సహా ఉంది. ఆవిడకి రెండడుగుల దూరంలో కూర్చుని మంచినీళ్ళ సీసా మీద అక్షరాలు చదువుతూ కూర్చున్నాను.”

“ఎవరూ అడగలేదా నిన్ను?”

“అడగలేదు. అడిగుంటే చెప్పేసేదాన్ని.”

“అడక్కపోతే చెప్పకూడదని ఎవరన్నారు?”

“మీరే కదా వదినా! ల్యాబులో ఏదైనా మీ చెవిన పడకుండా జరక్కూడదని చేరినరోజే—”

“అది చేరినరోజు మాట. మొన్న పీపా డేటా పాస్‌వర్డ్ కూడా నీ చేతిలో పెట్టానా లేదా?”

“పెట్టారు. జాగ్రత్తగా దాచాను.”

“దాచావా!”

“ఒక్కసారి కూడా వాడలేదు. ఒట్టు.”

“బాగుంది. చాలా బాగుంది.”

“ఎందుకలా నవ్వుతారు?”

“నవ్వలేదమ్మా. ఉప్పునీళ్ళు కంట్లో పడ్డాయి.”

“నేను దొంగతనంగా చెయ్యను వదినా. మీ నీడన ఉన్నాను. మీరు వద్దంటే ఊరుకుంటా, ఊ అంటే పెడతా. అందుకే పద్ధతిగా మీకు పొద్దున రాశాను కూడా.”

“ఏం రాశావ్?”

“మెయిలు. చూడలేదా? పీపా డేటా బయటపెట్టడానికి అనుమతి ఇవ్వండని. ఎవరి డేటా అయినా పెట్టేముందు రాతలో అడగాలని మాస్టారు నేర్పారు.”

“నాకొక్కదానికేనా?”

“మన సంస్థ ఆఫీసుక్కూడా కాపీ పెట్టాను. అదీ పద్ధతేనట.”

“ఆఫీసుకి… పెట్టేశావా?”

“ఏమైంది? ఏమైంది వదినా, బ్రష్షు కింద పడేశారేం?”

“కుళాయి కట్టెయ్.”

“కట్టేశా. చెప్పండి.”

“ఈ పీపా ఎవరు కొనిచ్చారో తెలుసా నీకు?”

“రేవు కంపెనీవాళ్ళు. దానిమీద వాళ్ళ రంగే ఉందిగా.”

“ఊరికే ఇచ్చారనుకున్నావా? ఇది కొలిచిందేదీ వాళ్ళ అనుమతి లేకుండా బయటికి ఇవ్వనని సంతకం పెట్టాను. వాళ్ళు రేవు తవ్వినప్పుడల్లా అడుగు బురద కదిలి నీళ్ళు పాడవుతున్నాయని మన గీతలు చూసినవాడెవడికైనా తెలుస్తుంది. ఎన్నిసార్లు అడిగానో వాళ్ళని. పరిశీలిస్తున్నాం అంటారు.”

“మరి సంతకం ఎందుకు పెట్టారు?”

“పెట్టకపోతే పీపా లేదు. పీపా లేకపోతే ఆ గీతే లేదు. నువ్వూ లేవు, లోపల మిగతావాళ్ళూ లేరు. పెట్టినరోజు తెలివైన పనే అనిపించింది.”

“ఇన్నాళ్ళూ నాకొక్కముక్క చెప్పలేదేం?”

“చెప్తే నీకూ తెలిసిపోతుంది కదా.”

“తెలిస్తే ఏమవుతుంది?”

“తెలిసి చేస్తే నేరం. తెలీకుండా చేస్తే, కొత్తగా వచ్చిన పిల్ల, ట్రైనింగులో పెట్టమన్నారు, పెట్టేసింది అనుకుంటారు.”

“ఎవరు… ఎవరు పెట్టేసింది?”

“నువ్వు నన్నడక్కుండా పెట్టేసుంటే కంపెనీవాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నేను వాళ్ళముందు నిన్ను చెడామడా తిట్టేదాన్ని. నాకేం తెలీదు, నన్నడగనే లేదని అరిచేదాన్ని. నిజంగానే తెలీదు కాబట్టి గొంతు వణికేది కాదు. ఇంటికెళ్ళాక పక్కన కూర్చోబెట్టుకుని నీకు తినిపించేదాన్ని. ఒకసారి లోకం చేతికెళ్ళిన డేటాని వెనక్కి లాగేదెవరు?”

“అంటే నన్ను… నా మీదే పెట్టి…”

“అవును, నీ మీదే. ఒప్పుకుంటున్నాగా. తిట్లతో పోతుందనుకున్నాను.”

“ఇప్పుడు పెట్టేస్తా వదినా. ఇప్పుడే లేచెళ్ళి పెట్టేస్తా. నేను అడగలేదనుకోండి.”

“ఆఫీసు ఎలా అనుకుంటుంది? కూర్చో. సాయంత్రంలోగా నేను జవాబు రాయాలి. వద్దని రాయాలి. వద్దన్నాక నువ్వు పెడితే నీ చదువు అక్కడితో ఆఖరు. వద్దని రాయకపోతే ఈ ల్యాబుకి తాళం.”

“ఆ చేపలావిడ రేపు కూడా వస్తుంది వదినా. ఏం చెప్పను?”

“నాకేం తెలుసు? నన్నడక్కు.”

“మీరు ఒక్కమాట, ఒక్క సైగ చేసుంటే—”

“సైగ చేస్తే చెప్పినట్టే కదే!”

“నాకెలా తెలుస్తుంది మరి? చిన్నప్పట్నించీ పెద్దవాళ్ళనడిగి చెయ్యి, అడిగి చెయ్యి అనేగా… ఆ ట్రైనింగులో నాకు సీటొచ్చిందని మీతో చెప్పినప్పుడు కూడా మొహం చిట్లించారు!”

“ఆ సీటు కోసం గొడుగాయన చుట్టూ తిరిగింది నేనేనే పిచ్చిపిల్లా. ఎప్పటికైనా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్నడక్కుండా ఒక పని చేస్తావని పంపాను.”