ఇరవై ఐదో ఆరోగ్యవంతురాలు

నరాల జబ్బుల పరిశోధన గదిలో పెద్ద డాక్టరుగారూ, పట్టికలు రాసే ఆయన సహాయకురాలూ కూర్చున్నారు. ఇద్దరి మధ్యా తొమ్మిది కన్నాల చెక్క, తొమ్మిది పుల్లలు, సెకన్లు కొలిచే గడియారం. తలుపవతల వరసలో ఆరోగ్యవంతుడన్నవాడు ఒక్కడూ లేడు.

“ఇంత ఊళ్ళో ఒక్క ఆరోగ్యవంతుడు దొరకలేదా అమ్మాయ్?”

“ఆస్పత్రికి వాళ్ళెందుకొస్తారు సార్?”

“జోకులొద్దు. మల్టిపుల్ స్క్లిరోసిస్ వాళ్ళు యాభై మంది వచ్చారా లేదా? జబ్బు వచ్చి తగ్గే రకం పాతిక, ఆగకుండా ముదిరే రకం పాతిక. పోల్చి చూడ్డానికి ఏ జబ్బూ లేనివాళ్ళు పాతికమంది కావాలి. ఇరవై నాలుగు దగ్గర ఆగాం. నువ్వు కూర్చో.”

“నేనా? నేనొద్దు సార్. వాచ్‌మన్‌ని పిలుస్తాను.”

“వాచ్‌మన్ని పదిహేడో నంబరుగా వాడేశాం.”

“లిఫ్టు దగ్గరుండే ఆయన...”

“ఆయన పంతొమ్మిది.”

“పోనీ మీరే కూర్చోండి సార్.”

“నాకు బీపీ, షుగరు. కూర్చోమంటున్నానా! పుల్లలన్నీ కన్నాల్లో పెట్టి మళ్ళీ తియ్యి. ఊఁ... కానీ... ఏమిటా నత్తనడక? అదిగో, పడేశావ్! ముప్ఫై ఒక్క సెకన్లు!”

“అలాగే రాసెయ్యనా?”

“ఏం రాస్తావ్, నా తలకాయ! ఆరోగ్యవంతులెవరికీ ఇరవై దాటలేదు. పొద్దున్నేమీ తినలేదా? పద్దెనిమిదని వెయ్యి.”

“వెయ్యను సార్.”

“వెయ్యవూ? నీ ఉద్యోగం పొడిగించే కాగితం సంతకం కోసం నా సొరుగులో పడుంది. గుర్తుందా?”

“రోజూ గుర్తొస్తోంది సార్. అందుకే...”

“అందుకే?”

“ఏం లేదు. ముప్ఫై ఒకటి ఇంకెవరికైనా వచ్చిందా?”

“నాకు గుర్తులేని నంబరుందా! పేషెంట్ పద్నాలుగు. వచ్చి తగ్గే రకం. కుడిచెయ్యి తిమ్మిరి, సాయంత్రమయ్యేసరికి నీరసం. పైగా ఉద్యోగం చేస్తోందని రాసింది! చేతిలో పుల్ల నిలవదు, ఆవిడకో ఉద్యోగం! ఇచ్చిన మహానుభావుడెవడో గానీ దండం పెట్టాలి.”

“పని బాగానే చేస్తోందేమో సార్.”

“చేస్తుంది, చేస్తుంది! నీలా పట్టికలు రాయమను చూద్దాం. మూడేళ్ళలో ఒక్క తప్పు లేదు.”

“ఆవిడ మొహం గుర్తుందా?”

“మొహాలెందుకు? మొహం చూస్తే జాలి, జాలేస్తే లెక్క తప్పు. నేను గడియారమే చూస్తాను. అది నా పద్ధతి.”

“అవునండి. ఆరోజూ గడియారమే చూశారు. ఆవిడ మాస్కు పెట్టుకుని ఈ కుర్చీలోనే కూర్చుంది. మీరు ‘తర్వాత’ అన్నారు. లేచి, అదిగో ఆ బల్ల దగ్గరికెళ్ళి పట్టికలు రాసుకుంది.”

“ఆ బల్ల నీది కదా?”

“నాదే సార్.”

“అమ్మాయ్... పద్నాలుగు నువ్వా?”

“నేనే. ఆరోగ్యవంతుల్లో ఇరవై ఐదోవాళ్ళని మీరే వెతుక్కోండి, నేను రెండు పట్టికల్లోనూ ఉండలేను. ఇక ఆ మహానుభావుడంటారా... మీరే సార్.”