కుమ్మరి సందు ట్రిప్పు

కాతర్‌వాడి ఊరు నగరంలో కలిసి ఏడాదైనా అక్కడికి కుళాయిలు రాలేదు. వార్డు ఆఫీసు మేడమీద ఇంజనీరు, కొత్తగా చేరిన ట్యాంకరు డ్రైవరుతో మాట్లాడుతున్నాడు.

“ఆ ఊరు కలిశాక బడ్జెట్టంతా డీజిల్‌కే పోతోందయ్యా. రేపట్నుంచి కుమ్మరి సందు ట్రిప్పు ఆపెయ్.”

“నిజంగానే ఆపేస్తారా సాహెబ్? అక్కడ రోజూ ముప్పై బిందెలు నింపుతున్నా.”

“ఎవరికి? ఊరు కలవకముందే బావినీళ్లు తాగి ఆ సందంతా కలరాతో పోయింది.”

“మరి నీళ్లు అందాయని చీటీ మీద వేలిముద్ర వేసే ముసలావిడ, ఠకూ ఆజీ?”

“ఏదీ, చూపించు... ఇదేంటి, ఇంత తడిగా ఉంది?”

“వారంనాటిది సాహెబ్. ఎండలో పెట్టినా ఆరట్లేదు. ట్రిప్పు ఆపితే ఆపండి గానీ, ఆ మాట మీరే చెప్పండి.”

“ఎవరికయ్యా?”

“ట్రిప్పు ఆపుతారని ఆజీకి పొద్దున్నే తెలిసిపోయింది. సందువాళ్లందరూ నా బండెక్కి వచ్చారు. కింద బిందెలతో వరసలో నిలబడ్డారు.”