సత్యశ్రీ కోసం ప్రార్థన

హలో… ఆ, నేనే, మీ పెద్దమ్మనే. సెప్పు శాలినీ.

…బాగానే ఉన్నాం. ముందు ఇది సెప్పు. మా సంఘంలో సోమలమ్మకి ఆ టీవీ సీరియల్ అలవాటు సేసింది నువ్వేనా?

…కాదా? మరి పోయిన నెల నర్సీపట్నం ఒచ్చి, ఆవిడింట్లో కూకుని సూసిందెవరే?

…సదువా? బైబిల్ కాలేజీలో టీవీ సీరియళ్ళు సదివిత్తన్నారా! పగబట్టిన పాములూ, మంత్రాల కోటలూ… వాటిల్లో దేవుడేటి సేత్తన్నాడో రాయాలా? ఎవరే మీకు నేర్పుతున్నది?

…ప్రభువు కూడా కతలే సెప్పేడంటావా… నిజమేలే, సెప్పేడు. మద్దిలో సబ్బుల ప్రకటనలు ఎయ్యలేదు మరి.

నవ్వకు. ఇక్కడ ఏటయిందో తెలుసా? నువ్వెళ్ళిన వారమే, గురువారం ప్రార్థన కూటంలో సోమలమ్మ లేచి, 'సత్యశ్రీ కోసం ప్రార్థన సెయ్యండమ్మా, ఆస్పత్రిలో ఉంది, సొంత అక్కే గుమ్మం ఎక్కనియ్యలేదు' అంది. సుట్టాల పిల్లనుకుని వారం వారం మోకాళ్ళేసేం! నిన్న పాస్టరు జ్ఞానరాజు గారు 'ఏ ఆస్పత్రమ్మా, సూసొత్తాను' అంటే… టీవీలో పిల్లంట!

…ఆపు. పాపం ముసలావిడ సిగ్గుతో తలెత్తలేదు.

…లేదే, నాకు అనుమానమే. అన్ని కతలుండగా అక్కాసెల్లెళ్ళ తగువే ఎందుకు ఎత్తింది? మా అమ్మ భూస్థాపన రోజున నేనూ మీ అమ్మా మాటామాటా అనుకున్నాం. అప్పట్నుంచీ మాటల్లేవు. రావికమతంలో కూకుని, సోమలమ్మ సేత ఇలా అనిపించింది మీ అమ్మేనా?

…ఒట్టేసీకు. క్రైస్తవులు ఒట్టెయ్యకూడదు.

…ఏటీ? అందరికన్నా నేనే ఎక్కువ ఏడిసేనని సెప్పిందా సోమలమ్మ?

…సత్యశ్రీ కోసమే ఏడిసేను. …అవును, మొకం ఎరగను. …కళ్ళు మూసుకుంటే ఎవరు కనపడ్డారా? ఏం ప్రశ్నే అది! ఇదీ రాసుకుంటావా?

…

…మీ అమ్మ. సాలా? మీ అమ్మే కనపడింది, ఆస్పత్రి మంచం మీద.

…శాలినీ? పలకవేటే?

…ఆ దగ్గెవరిది? స్పీకర్లో ఎట్టేవా నువ్వు? అనుకున్నానే, నేననుకున్నాను!

…

…కరుణా? సెల్లీ?

…ఏడుపు ఆపితే కదే, మాట తెలిసీది. …ఆ దగ్గుకి మందేసుకుంటన్నావా, లేదా?

…ఉండు, పొయ్యి మీద కూర మాడతంది. ఫోను ఈ బల్ల మీద ఎడతన్నాను… కట్ సెయ్యకే.