మర్యాద తెలిసిన విలన్

జగ్గయ్యపేట నెట్ సెంటర్‌లో ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు గేమ్ ఆడుతున్నారు.

"రెండో పార్టులో విలన్ తేలిపోయాడ్రా."

"ఊరంతా తగలబెట్టాడు కదా."

"అరుస్తున్నాడుగా, ఇంక భయమెందుకు? మొదటి పార్టులో హీరోని సార్ అనేవాడు. 'కూర్చోండి సార్' అంటే నాకు చెమటలు పట్టేవి."

"మర్యాదకి భయమేంటి?"

"మా నాన్న రోజూ గాడిదా అంటాడు, పట్టించుకోను. ఇంటర్ తప్పిన రోజు మాత్రం 'బాబుగారు భోంచేశారాండి' అన్నాడు. వారం దాకా ముద్ద దిగలేదు."

"ఇందాక నువ్వు బయటికెళ్లినప్పుడు నీ సెల్‌కి ఆయనే ఫోన్ చేశాడు. నందిగామలో కోచింగ్ క్లాసులో ఉన్నావని చెప్పా."

"ఏమన్నాడు?"

"'సరేనండి, బాబుగారిని నిదానంగానే రమ్మనండి' అన్నాడు."

"హైదరాబాద్ బస్సు ఎన్నింటికిరా?"