స్కానర్ బాబాయ్ బాగుచేసిన నీలం కారు

నర్సమ్మ షెడ్డులోకి అడుగుపెట్టేసరికి స్కానర్ బాబాయ్ టీ గ్లాసు పట్టుకుని కథ మొదలుపెట్టబోతున్నాడు. ఆయన మెకానిక్కే, పనీ వచ్చు, కాకపోతే చేతికంటే నోరు నాలుగడుగులు ముందు నడుస్తుంది. కారు లోపలి కంప్యూటరుకి తగిలించి చూసే అరచేతి మిషను ఒకటి కొన్నప్పటి నుంచీ ఆ వీధిలో ఆయనకి అదే పేరు. ఎదురుగా, గోడకి ఆనించిన పాత కారు సీటు మీద టైర్ల కొట్టు పెద్దాయన, ఆయన పక్కన లారీ డ్రైవరు.

"కూర్చోమ్మా, ఈ గుక్క తాగి వచ్చేస్తా," అన్నాడు బాబాయ్, ఆవిడ వైపు సరిగా చూడకుండానే.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చడం ఆవిడ పని. ఈ పూట ఇంకా ఇద్దరు ఎదురు చూస్తున్నారు. కారు దారిలో ఆగిపోవడం కొత్త కాదు. ఇదివరకు రెండుసార్లూ తమ్ముడే ఈ షెడ్డుకి తెచ్చాడు, ఇవాళ వాడు ఊళ్ళో లేడు. ఈసారీ తేలకపోతే కారు అమ్మేసి, నడిచి వెళ్ళగలిగిన ఇళ్ళు మాత్రం ఉంచుకుని మిగతావాళ్ళకి రాలేనని చెప్పేద్దామనుకుంది. ఆ మాట ఎవరికి ముందు చెప్పాలో మాత్రం తేలలేదు.

"అదొక చిన్న నీలం కారు," అంటున్నాడు బాబాయ్. "వెనక దీపం పగిలితే ఎర్ర టేపు అంటించారు. బక్కపల్చటి కుర్రాడొకడు తెచ్చాడు. దాని జబ్బేమిటంటే, బుద్ధి పుట్టినప్పుడు ఆగుతుంది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మన ముందుకొస్తే మాత్రం కొత్త కోడల్లా తలొంచుకు నిలబడుతుంది. ఎక్కడని వెతుకుతాం?"

నీలం కారు, ఎర్ర టేపు, బక్కపల్చటి కుర్రాడు. నర్సమ్మ చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని వినసాగింది.

"అలాంటిదాన్ని విప్పుకుంటూ పోతే విప్పేవాడు ముసలాడైపోతాడు. నేను ఒక్క స్క్రూ ముట్టుకోలేదు. స్టీరింగ్ కింద మన స్కానర్ తగిలించా. కారు ఆగిన క్షణంలో ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, కాలు పెడల్ని ఎంత నొక్కింది, అదంతా ఫొటో తీసి దాచినట్టు లోపల ఉంటుంది. చదివేవాడికి చదివినంత."

"అది నిజమే," అన్నాడు లారీ డ్రైవరు.

బాబాయికి ఆ మాట చాలు.

"చదివా. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగిందని తెలిసింది. ఇంకాస్త కిందికి చదివితే, నడిపేవాడి కుడికాలికి చెప్పు లేదని తెలిసింది. ఇంకా కిందికి వెళ్తే పక్కసీట్లో పెళ్ళాం సాధిస్తోంది."

"ఏమనోయ్?" అన్నాడు పెద్దాయన.

"కూరలో ఉప్పెక్కువైందని వాడన్నాట్ట. అదీ ఉంది అందులో. ఆవిడ గొంతు లేచినప్పుడల్లా ఇంజిన్ జంకి ఆగిపోతోంది."

తమ్ముడికి ఇంకా పెళ్ళే కాలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను స్కానర్ తీసేయబోతే ఆ కారు వదలదే. తన పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకుంది. ఫ్యాక్టరీలో వైర్లు బిగించినవాడికి ఆ పూట పంటినొప్పిట, ఒకచోట వదులుగా వదిలేశాడుట. సరిగ్గా అక్కడ వేలు పెట్టా, జబ్బు వదిలింది. కుర్రాడు నా కాళ్ళ మీద పడి లేవడు. ఈ మాట ఎలా పాకిందో ఏమో, తెల్లారి చూస్తే గేటు బయట కనుచూపు మేర కార్లు. ఒక్కదాంట్లోనూ డ్రైవరు లేడు. వాటంతట అవే వచ్చాయి."

"తాళాలో, అన్నా?" అన్నాడు లారీ డ్రైవరు.

"అవే తెచ్చుకున్నాయి. వాటితో సతమతమవుతుంటే ఫోను మోగింది. ఎవరనుకున్నారు? విమానం నడిపేవాడు. 'గాల్లో ఉన్నా బాబాయ్, ఇంజిన్ ఉండుండి తుమ్ముతోంది' అన్నాడు. లోపల దాచుకున్న అంకెలు చదవమన్నా, చదివాడు. 'ఏం లేదు నాయనా, ఒకసారి ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యి' అన్నా."

"గాల్లోనా?"

"దారికి అడ్డంగా ఆపమంటానా? ఓ మబ్బు పక్కకి తీసి ఆపాడు. స్టార్టయింది. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు."

లారీ డ్రైవరుకి టీ పొలమారింది. పెద్దాయన కండువాతో మూతి తుడుచుకునే నెపంతో నవ్వు దాచుకున్నాడు.

"ఆ నీలం కారు పూర్తిగా బాగయిందాండీ?" అని అడిగింది నర్సమ్మ.

"బాగవడమా తల్లీ? ఇప్పుడది ఆగమన్నా ఆగదు."

"ఎక్కడుందో ఇప్పుడు?"

"ఏ కొండెక్కుతోందో, ఎవరికి తెలుసు?"

"మీ గేటు బయట ఉందండి. అది నాదే. ఇందాక సందు చివర కూడలిలో ఆగిపోతే, దారినపోయేవాళ్ళని బతిమాలి ఇక్కడిదాకా తోయించుకొచ్చాను."

బాబాయ్ లేచి గేటు దాకా వెళ్ళాడు. వెనక దీపం మీద ఎర్ర టేపు ఎండకి కొంచెం వెలిసింది.

నర్సమ్మ వెనకే వెళ్ళి అదే గొంతుతో అంది. "మా తమ్ముడు చెప్పాడు. రెండుసార్లూ మీరు మిషను పెట్టగానే కారు దాచుకున్నదంతా చెరిపేశారట. స్టీరింగ్ ముందు వెలిగే హెచ్చరిక లైటు ఆరిపోయింది, ఇక బాగైపోయినట్టే అని పంపించేశారట. ఈసారి చెరిపేముందు చదవండి. నాకోసం కట్లు విప్పుకుని కూర్చున్నవాళ్ళున్నారు."

బాబాయ్ లోపలికి వెళ్ళి స్కానర్ తెచ్చాడు. ఒక కాలు బయట పెట్టి డ్రైవరు సీట్లో కూర్చుని, తీగ తగిలించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు పెదాలు కదుపుతూ చదివాడు. ఆయన అంతసేపు నోరు మెదపకుండా ఉండటం పెద్దాయన ఎప్పుడూ చూడలేదు. దగ్గరికొచ్చి కారు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"ఏమంటోందోయ్?"

"ఇంజిన్ బాగా వేడెక్కాకే ఆగుతోంది. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పే సెన్సరు ఒకటుంటుంది, వేడికి అది మూగబోతోంది. చల్లారితే మళ్ళీ పలుకుతోంది. అందుకే ఇక్కడికొచ్చేసరికి ఏమీ కనబడలేదు." ఆయన నర్సమ్మ వైపు తిరిగాడు. ఈసారి మొహం చూసి మాట్లాడాడు. "అది మార్చేస్తే సరిపోతుందమ్మా. సాయంత్రం లోపల ఇచ్చేస్తా."

నర్సమ్మ ఫోను తీసి, ఆలస్యమైనా ఇవాళే వస్తానని మొదటి ఇంటికి చెప్పింది.

పెద్దాయన కారు మీంచి చెయ్యి తియ్యలేదు. "ఇంకా ఏమంటోంది?"

బాబాయ్ స్క్రీనుని కిందిదాకా జరిపి చూశాడు.

"ఇంకేం లేదు," అన్నాడు.