ఖాజా కోరిన ఒట్టి బల్ల

"కాకా, ట్రైలర్ కొందామనుకుంటున్న. చుట్టు రేకులున్నది తీసుకోవాల్నా, ఒట్టి బల్లనే తీసుకోవాల్నా?"

రా సలీమూ, కూసో. ఆ కుర్చీ కాలు జర లూజున్నది, గోడకు ఆనిచ్చుకో. అడగక అడగక గిదే అడిగినవా నన్ను? ఇబ్రహీంపట్నంల ఇంతమంది బండ్లు తోలినోళ్లుండంగ నన్నే అడగాల్నా... సరే తియ్యి, అడిగినవు గదా.

ముందుగాల బండి కింద పండుకొని సూడు. పైన రంగు సూసి మోసపోకు. కింద నిలువుగ రెండు పెద్ద దూలాలుంటయి గదా, వాటి మీద ఒక్క జాగల్నే కొత్త రంగున్నదనుకో, ఆడ ఇరిగితే అతికించిండ్రని లెక్క. సుత్తెతోటి కొట్టు, సప్పుడు తేడా నీకే తెలుస్తది. బల్ల మీద కట్టె పలకలున్నయా సూడు. నున్నటి ఇనుమైతే వానకు మాలు జారుతది. ఇవన్ని నాకు నేర్పింది మీ అబ్బనే, నిన్ను కన్నోడే. అవ్, ఖాజానే. నువ్వు పుట్టకముందు సంది ఇద్దరం ఒక్క సేటు దగ్గర లారీ తోలినం. ఒకడు తోలుతుంటే ఒకడు పండుకునేటోడు. మంచాల ఊరి నుంచి మీ దాది, అంటే ఖాజా అమ్మ, మాకు జొన్న రొట్టెలు కట్టిచ్చేది, ఉల్లిగడ్డ కారం ఏసి... కాదు కాదు, మీ మేనత్త. దాది అప్పటికే మంచం పట్టింది. ఆ, మేనత్తనే. మస్తు మంచి మనిషి.

ఇగ ఎన్నేండ్లు ఒకరి బండి తోలుతం, మనమే కొందామని ఖాజానే అన్నడు. ఇద్దరం కలిసి పాత ట్రైలర్ కొన్నం. ముందట గుంజే ఇంజన్, ఎన్క పొడుగు బల్ల, గంతే. మీ అబ్బా దాని చుట్టు తిరిగి తిరిగి, ముద్దు పెట్టుకునుడే తక్కువ. "యాదగిరీ, దీనిమీద ఏదన్న ఏసుకోవచ్చు, ఎటుదిక్కు నుంచైన ఎక్కించొచ్చు" అన్నడు. నిజమే అన్నడు.

ఇంటికి తెచ్చినం. మా అమ్మ హారతి పళ్ళెం పట్టుకొని బయటికొచ్చింది. బండిని సూసింది, పళ్ళెం అరుగు మీద పెట్టి మల్ల లోపటికి పోయింది. మా తమ్ముడు మల్లేశు ముచ్చట నీకు ఎర్కనో లేదో. సాగర్ రోడ్డు మీద యాక్సిడెంటై పోయిండు. దవాఖాన నుంచి వాణ్ణి రేకుల్లేని బండి మీదనే ఇంటికి తెచ్చిండ్రు. అమ్మ కంటికి మా ట్రైలర్ బండి లెక్క అగుపడలే, పాడె లెక్క అగుపడ్డది. "నువ్వు గిట్ల దాన్ని తోలుకొని పోతే నేను మెతుకు ముట్ట" అన్నది. కన్నతల్లి గట్లంటే ఏంజేస్తవ్ చెప్పు.

ఆటోనగర్ తీస్కపోయి చుట్టు రేకులు అతికించిన. లారీ లెక్కనే బాడీ కట్టించి, ఎన్క నెమలి బొమ్మ గీయించిన. అమ్మ నవ్వుకుంట నిమ్మకాయలు కట్టింది. మీ అబ్బా గూడ ఒప్పుకున్నడు. మల్లేశును ఆ బండి మీదికెల్లి దించిన చేతులల్ల ఆయన చేతులు గూడ ఉండె. వద్దని ఎట్లంటడు పాపం.

గప్పుడే అబ్దుల్లాపూర్‌మెట్ అవతల పైపుల యార్డు పడ్డది. పెద్ద పెద్ద నీళ్ల పైపులు, రోజూ పని. ఆడ పక్కపొంటి మిషన్ పెట్టి ఎక్కిస్తరు. మా బండికి రేకులు అడ్డం. పైనుంచి ఎక్కించాలంటే క్రేన్ కావాలె, క్రేన్ ఖాళీ ఉండదు. మా ఎన్క వచ్చిన బండ్లు నింపుకొని పోతుంటే మేము చాయ్ తాగుకుంట సూసుడు. మీ అబ్బా ఒకనాడు మెల్లగ అన్నడు, "తీసి పెట్టేటి రేకులు చేయిద్దాం. ఇంటికొచ్చేటప్పుడు పెట్టుకుందాం, పనికి పోయేటప్పుడు తీసేద్దాం" అని. అమ్మకు దొంగసాటుగ నేను చెయ్య అన్న. "నీ అమ్మ నాకు గూడ అమ్మనే యాదగిరీ. గని నా పిల్లలకు అన్నం పెట్టాలె గదా" అన్నడు. తెల్లారి ఇంకొకరి ఒట్టి బల్ల బండెక్కి పైపులు తోలుడు షురూ చేసిండు.

కొట్లాడలే మేము. ఒక్క మాట అనుకోలే. గదే తప్పైంది. కొట్లాడితే ఎవలన్న నడిమిట్ల పడి కలుపుదురు. పెండ్లిలల్ల ఎదురైతే సలాం అంటడు, బాగున్నవా అంట, గంతే. ఒక్క పళ్ళెంల తిన్నోళ్లం. నేను ఆ రేకుల బండ్ల గడ్డి తోలిన, పొట్టు తోలిన, ఆఖరికి అమ్ముకున్న.

ఇప్పుడు అనిపిస్తది బిడ్డా, నేను అమ్మకు ఎదురు చెప్పేది లేకుండె, ఖాజాను పోగొట్టుకునేది గూడ లేకుండె. అమ్మను చెయ్యి పట్టి ఆ బల్ల మీద కూసోబెట్టాల్సుండె. పక్కన పిల్లలను ఎక్కించి, మీ అబ్బను తోలుమని, మెల్లగ మంచాల దాంక పోయి రావాల్సుండె. పిల్లలు ఎగురుతుంటే ఆమె భయం ఆడనే సగం దిగిపోతుండె. గా బుద్ధి అప్పుడు పుట్టలే నాకు. ఇప్పుడు ఆమె లేదు.

నువ్వు ఒట్టి బల్లనే తీసుకో. మీ అమ్మనో నీ పెండ్లామో భయపడితే కసురుకోకు, ఎక్కించుకొని తిప్పు.

"కాకా, బండి సూసెతందుకు రేపు అబ్బా గూడ వస్తుండు. నువ్వు వస్తవా?"

ఆయనకు మోకాళ్లు నొప్పులంటివి గదా... వస్తుండా? నేనొస్తున్నని ఎర్కనా ఆయనకు? చెప్పినవా?... చెప్పు, చెప్పే తీస్కరా. దాసిపెట్టి తేకు. అన్ని తెలిసి వస్తే, ఇద్దరం ఆ బల్ల మీద కూసొని... నువ్వు కింద పండి దూలాలు సూస్కో. మమ్ముల జరసేపు ఇడిసిపెట్టు. సల్లగుండు బిడ్డా, నీ బండి సల్లగుండ. పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె?